పాత పరీక్షాయంత్రములు, చెడిన కండెన్సరులు

వేసవిలో ఫ్యాను మందగించి, చేతితో ఱెక్కను త్రోసినగాని తిరుగనప్పుడు, ఎలక్ట్రీషియను వచ్చి "కండెన్సరు పోయిందండీ" అని చెప్పుట మనమందరము విన్నదే. అతడు సంచిలోనుండి చిన్న డబ్బీ నొకదానిని తీసి బిగించి పోవును, ఫ్యాను తిరుగును. ఆ డబ్బీలో నేమున్నదో, అది యేల చెడినదో విచారించువారు తక్కువ. ఈ వ్యాసమున మేము చెప్పబూనినది ఆ కండెన్సరును గూర్చియే. కాని ఫ్యానులోనిదానిని గూర్చి కాదు, ప్రయోగశాలలలో మూలబడియున్న పాత విద్యుత్పరీక్షాయంత్రములలోనిదానిని గూర్చి. పుస్తకములలో దీనికి కెపాసిటరను పేరున్నను, బజారున కండెన్సరనియే పిలుచుచున్నారు గనుక మేమును ఆ పేరే వాడెదము.

మా భౌతికశాస్త్ర ప్రయోగశాల నానుకొనియున్న సామానుల గదిలో రెండు యంత్రములు చాలకాలమునుండి గుడ్డక్రింద నుండెను. ఒకటి ఆసిలేటరు, అనగా చెవికి వినవచ్చు ధ్వనులకు సరిపడు విద్యుత్కంపనములను కోరినంత వేగముతో పుట్టించునది. రెండవది ఆసిలోస్కోపు, ఆ కంపనముల రూపమును పచ్చని గీతగా గాజుతెరమీద చూపునది. రెండును ట్రాన్సిస్టరులు వ్యాప్తిలోనికి రాకముందటి వాల్వుల యంత్రములు. ఆసిలోస్కోపును కదల్చుటకు ఇద్దరు కావలెను. గత సంవత్సరము స్టాకు రిజిస్టరు సరిచూచునప్పుడు వీనిని పాత యినుముక్రింద తూకమునకు అమ్మివేయుదమని తీర్మానమాయెను. మా పదవతరగతి పిల్లలు ధ్వనితరంగమును నల్లబల్లమీద సుద్దతో గీసిన వంకరగీతగా మాత్రమే యెరుగుదురు. నిజమైన తరంగమును చూపగల యంత్రము మన గదిలోనే యుండగా అది తూకమునకు పోవుట మాకు సహింపలేదు. పనిచేయునో లేదో చూచి చెప్పెదమని కొంత గడువు కోరితిమి.

మొదట ఆసిలేటరును తీసికొని, దుమ్ము తుడిచి, ప్లగ్గు పెట్టి మీట వేసితిమి. పలకమీది చిన్న దీపము వెలిగెను. పిల్లలు చప్పట్లు కొట్టిరి. రెండు నిమిషములకు తుమ్మెదరొదవంటి ధ్వని మొదలై హెచ్చసాగెను. కమురువాసన రాగానే మీట తీసితిమి గాని అప్పటికే ఆలస్యమాయెను. మూత విప్పి చూడగా ట్రాన్సుఫార్మరునుండి నల్లని తారు కారియుండెను. ఫ్యూజుండవలసిన చోట పూర్వమెవరో లావుపాటి రాగితీగ చుట్టియుండిరి. ప్రక్కనున్న పెద్ద కండెన్సరు కొనలకు మల్టీమీటరు తగిలింపగా దాదాపు సున్న ఓములు చూపెను. కొద్దిరూపాయలకు దొరకు వస్తువు చెడి, ఎక్కడను దొరకని వస్తువును కాల్చివేసినది. దోషము యంత్రముది కాదు, దానిని చేసినవారిది కాదు. మూతయైనను విప్పి చూడక మీట వేసినవారము మేము. ఫ్యూజును చూచుటకు ఒక్క నిమిషము పట్టెడిది.

ఏండ్లతరబడి ఊరకున్న యంత్రము చేతికి వచ్చినప్పుడు, పనిచేయునో లేదో చూతమని ప్లగ్గు పెట్టుట ఎవరికైనను తోచు మొదటిపని. అదియే చేయరాని పని. ఏల చేయరాదో తెలియవలెనన్న, కండెన్సరు లోపల జరుగునది తెలిసికొనవలెను.

రెండు లోహపు రేకులను ఒకదాని కొకటి తగులకుండ దగ్గరగా నుంచి, నడుమ విద్యుత్తును పోనీయని పదార్థము నుంచినచో అదియే కండెన్సరు. 1745లో పొమెరేనియాలో క్లైస్టు అను నతడును, 1746లో హాలెండులోని లైడెన్ పట్టణమున మూషెన్‌బ్రూక్ అను ఆచార్యుడును వేర్వేరుగా గాజుసీసాలో విద్యుత్తును నిలువచేసి, దానిని తాకి గట్టి దెబ్బ తినిరి. నేటి కండెన్సరులన్నియు ఆ సీసా సంతతియే. రేకుల వైశాల్యము హెచ్చినకొలదియు, నడిమి దూరము తగ్గినకొలదియు దాని ధారణశక్తి హెచ్చును. ఈ శక్తిని ఫారడులలో కొలుతురు. ఫారడు మిక్కిలి పెద్దది గనుక దానిలో పదిలక్షలవ వంతైన మైక్రోఫారడు వాడుకలో నున్నది.

యంత్రములో దీనికి ముఖ్యముగా రెండు కొలువులు గలవు. మనకు వచ్చు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో దిక్కు మార్చుకొనుచుండును. వాల్వులకు కావలసినది ఒకే దిక్కున నిలుకడగా నుండునది. రెక్టిఫైయరు దానిని ఒకే దిక్కునకు త్రిప్పును గాని, అప్పటికిని అది సెకనుకు 100 మారులు లేచి పడుచునే యుండును. ఈ గతుకులను పూడ్చుటకు పెద్ద కండెన్సరు కావలెను. ఊరిచెరువు వాననీటిని పట్టి వాన లేనినాడు కాలువకు వదలునట్లు, ఇది విద్యుత్తు లేచినప్పుడు నిండి పడినప్పుడు విడుచును. రెండవ కొలువు తూముకావలివంటిది: ఒక వాల్వునుండి తరువాతిదానికి కంపనమును మాత్రము పోనిచ్చి, నిలుకడ వోల్టేజిని ఆపుట. చెరువుపనికి ఎలక్ట్రోలిటిక్ కండెన్సరులను, కావలిపనికి పాతకాలమున మైనపుకాగితపు కండెన్సరులను వాడిరి. చెడుట ఈ రెండు తెగలయందే మిక్కిలి కానవచ్చును.

చెరువుపనికి చాల మైక్రోఫారడులు కావలెను. కాగితము నడుమ నుంచి అంత శక్తి తేవలెనన్న ఆ వస్తువు బిందెయంత యగును. దీనికొక ఉపాయము కనుగొనిరి. అల్యూమినియపు రేకును తగిన ద్రావకములో నుంచి విద్యుత్తు పంపినచో రేకుమీద ఆక్సైడు పొర యొకటి యేర్పడును. వోల్టు ఒక్కంటికి దాని మందము ఒక నానోమీటరుకంటె కొంచెము హెచ్చు. 400 వోల్టులకు సిద్ధపరచిన పొరయైనను తలవెండ్రుక మందములో నూరవవంతు ఉండదు. ఈ పొరయే విద్యుత్తును పోనీయని నడిమి పదార్థము. దానికి ఒకవైపున రేకున్నది. రెండవవైపున నున్నది రేకు కాదు, కాగితములో నానిన ద్రావకము. డబ్బీలో రెండవ రేకు ఉండును గాని, అది ద్రావకమును బయటి తీగతో కలుపుటకు మాత్రమే. పాఠ్యపుస్తకములలో కండెన్సరనగా రెండు సమానమైన గీతలు గీసి విడుతురు. ఆ బొమ్మనుబట్టి ఈ సంగతి తెలియదు. కాని చెడుటకు కారణమంతయు ఇందే యున్నది: దీనిలో సగము తడి.

ఆ తడి రెండు విధముల చెరుపునకు కారణమగును. యంత్రము పనిచేయు దినములలో వేడికి ద్రావకము రబ్బరు బిరడాగుండ మెల్లమెల్లగా వెడలిపోవును. ధారణశక్తి తగ్గును, లోపలి నిరోధము హెచ్చును. ఇది ముసలితనము. వేడి 10 డిగ్రీలు హెచ్చిన ఆయువు సగమగుననియు, 10 డిగ్రీలు తగ్గిన రెట్టింపగుననియు ఇంజనీరులు లెక్క వేయుదురు. 105 డిగ్రీలయొద్ద 2000 గంటలు నిలుచునని తయారుచేసినవారు చెప్పినది, 65 డిగ్రీలయొద్ద నాలుగుమారులు రెట్టించి 32,000 గంటలు నిలువవలెను. కాగుచున్న వాల్వుల ప్రక్కనే దానిని బిగించినచో త్వరగా ఎండుటలో వింతయేమి?

రెండవది పని లేనందున వచ్చు చెరుపు. మా యంత్రమును కాల్చినది ఇదియే గనుక కొంచెము విస్తరించి చెప్పెదము. ఆక్సైడు పొరలో ఎక్కడనైన సన్నని చోటున్నచో, వోల్టేజి యున్నంతకాలము అక్కడ కొలది విద్యుత్తు పారి, ద్రావకములోని ఆక్సిజను ఆ చోటుననే చేరి పొరను మరల కట్టును. గాయము తనంతట తానే మానుచుండును. యంత్రము ఏండ్లతరబడి ఊరకున్నప్పుడు పొర అక్కడక్కడ క్షీణించును. మాన్పుటకు వోల్టేజి లేదు. అట్టిదానిమీద ఒక్కమారుగా మూడునాలుగు వందల వోల్టులు పడినయెడల, మానుటకు చాలినంత విద్యుత్తు గాక, వరదవలె పారును. పారినచోట వేడి పుట్టును. వేడికి ఇంకను పారును. తుదకు ద్రావకము మరిగి డబ్బీ పగులుటయో, లోపల రేకులు కలిసిపోవుటయో జరుగును. రేకులు కలిసిన పిదప ట్రాన్సుఫార్మరు తెచ్చినదంతయు ఆ గోతిలో పోవును. మేము విన్న తుమ్మెదరొద అది మోయలేని బరువు మోయుచు మూలిగిన మూలుగు.

ఇంత తెలిసిన పిదప ఆసిలోస్కోపును ముట్టుటకు భయపడితిమి. ఆ భయము మేలే చేసినది. మొదట ప్లగ్గును గోడనుండి తీసి మా మేజాసొరుగులో పెట్టి తాళము వేసితిమి. వెనుకపలకమీద ఎన్ని వోల్టులకు అమర్చియున్నదో చూచితిమి. అమెరికా మొదలగు దేశములకై చేసిన యంత్రములు కొన్ని 110 వోల్టుల ప్రాంతమున పనిచేయునట్లు అమర్చబడి యుండును. వానికి మన 230 వోల్టులు తగిలించినచో కండెన్సరులదాక పోనక్కరలేదు. ఫ్యూజును చూచి, వ్రాసియున్న ఆంపియరులకు సరిపడునది వేసితిమి.

మూత విప్పుటకు ముందు పిల్లలను దూరముగా కూర్చుండబెట్టితిమి. ఇందులో మేము మొగమోటము చూపలేదు. 40 మైక్రోఫారడుల కండెన్సరులో 400 వోల్టులు నిలిచియున్నచో, ధారణశక్తిలో సగమును వోల్టేజి వర్గముతో హెచ్చింపగా 3.2 జౌలులు వచ్చును. పది కిలోగ్రాముల రాయిని జానెడెత్తు లేపుటకైనను చాలని శక్తి యిది; అయినను గుండెగుండ పోయినచో అది కొలతలకు లొంగు సంగతి కాదు. ఆసిలోస్కోపులో తెరగొట్టమునకు వేల వోల్టులు పోవు వేరొక మార్గము గూడ గలదు. ప్లగ్గు తీసినంతమాత్రమున ఇవి ఖాళీయైనవని నమ్మరాదు. స్క్రూడ్రైవరుతో కొనలను కలుపుట కొందరికి వాడుక. అది నిప్పురవ్వలతో లోహమును, కొన్నిమారులు కండెన్సరును చెరుచును. పదివేల ఓముల దిట్టమైన రెసిస్టరును మంచి పిడితో పట్టి, కొన్ని క్షణములు తగిలించియుంచవలెను. పిదప మీటరుతో చూడవలెను. కొంత సేపటికి మరల చూడవలెను. ఏలయన ఖాళీచేసిన కండెన్సరులో కొంత వోల్టేజి తిరిగి యూరుట గలదు. ఊటబావివంటి ఈ గుణము మిక్కిలి మోసకారి.

పిదప వాల్వుల నన్నిటిని గుర్తులు పెట్టి తీసివేసి, ట్రాన్సుఫార్మరు మాత్రము మిగులునట్లు చేసి, నూరువాట్ల పాతరకపు తీగదీపము నొకదానిని సీరీసుగా కలిపి విద్యుత్తు నిచ్చితిమి. లోపల ఎక్కడనైన కలిసిపోయి యున్నచో దీపము ధగధగ వెలుగును, యంత్రమునకు చేటు రాదు. మా దీపపు తీగ కొంచెము ఎరుపెక్కి యూరకుండెను. ట్రాన్సుఫార్మరు బ్రతికియున్నదని తెలిసి మాకు కలిగిన సంతోషము ఇంతంత కాదు. ఆసిలేటరు విషయమున ఈ దీపమొక్కటి పెట్టియుండినచో ఈ వ్యాసము సగమైనను తగ్గియుండును.

అటుపిమ్మట కండెన్సరులు. పెద్ద డబ్బీ యొకదానిలో మూడు కండెన్సరులు చుట్టియుండెను. 40, 40, 20 మైక్రోఫారడులని పైన వ్రాసియుండెను. ఒక్కొక్కదాని తీగను విడదీసి, దిట్టమైన రెసిస్టరుగుండ 50 వోల్టులతో మొదలిడి, పారు విద్యుత్తు తగ్గినకొలది వోల్టేజిని పెంచుచు పోయితిమి. పొరను తిరిగి కట్టించు పద్ధతి యిది; తొందర పనికిరాదు, గంటలు పట్టును. మొదటిదానిలో పారుట క్రమముగా తగ్గి మిల్లీఆంపియరులో కొలదిభాగమునకు దిగెను. రెండవదానిలో తగ్గలేదు, డబ్బీ వేడెక్కసాగెను గనుక ఆపితిమి. మూడవదానిలో పారుట మొదటనే అల్పము, కాని కొలువగా ధారణశక్తి 4 మైక్రోఫారడులే యుండెను. ఒకే డబ్బీలో ఒకేనాడు పుట్టిన ముగ్గురన్నదమ్ములలో ఒకడు ఆరోగ్యముగను, ఒకడు రోగియై, ఒకడు ఎండిపోయి యుండిరి. ఆరోగ్యముగ నున్నవానిని ఉంచుకొనవచ్చునా? ఉంచుకొనవచ్చునని కొందరందురు. ఒకే బిరడా, ఒకే వేడి, ఒకే వయస్సు గనుక మేము నమ్మలేదు. మూడింటిని మార్చితిమి. పాత డబ్బీని అందముకొరకు దాని చోటనే యుంచి, తీగలన్నియు విప్పి, క్రొత్తవానిని లోపలివైపున బిగించితిమి. కొందరు పాతదాని తీగలు విప్పక దానిమీదనే క్రొత్తదానిని కలుపుదురు. ఎండిపోయినదానికి అది కొంతవరకు పనిచేసినట్లు తోచును గాని, పాతది రేపు కలిసిపోయినచో ప్రక్కనున్న క్రొత్తది దానిని ఆపలేదు.

మైనపుకాగితపు కండెన్సరుల చెరుపు వేరు. అవి పగులవు, పొగరావు, చూపునకు నిక్షేపముగ నుండును. మైనముగుండ ఏండ్లతరబడి తేమ చేరి కాగితము కొలదిగా విద్యుత్తును పోనిచ్చును. కొలది యనగా ఎంత? ఒక వాల్వు అనోడున 200 వోల్టులున్నవి. తరువాతి వాల్వు గ్రిడ్డునకు పది లక్షల ఓముల రెసిస్టరున్నది. నడుమనున్న కండెన్సరు కోటి ఓముల నిరోధముగా కారుచున్నదనుకొందము. కోటి ఓములనగా వినుటకు ఘనమే. కాని ఓము సూత్రముచొప్పున 200ను 11చే భాగింపగా గ్రిడ్డునకు 18 వోల్టులు చేరును. కొన్ని వోల్టులు ఋణముగా నుండవలసిన గ్రిడ్డు ధనమై వాల్వు తనకు మించిన విద్యుత్తును త్రాగి ఎఱ్ఱబారును. పాత యంత్రములలో వాల్వు మాటిమాటికి పోవుచున్నదని వాల్వునే మార్చుచు పోవుట కలదు, రోగమొకచోట, మందొకచోట. ఇందు మోసమేమనగా, తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడుచు మీటరుతో కొలిచినచో ఈ కండెన్సరు ధారణశక్తి సరిగానే కనబడును. తీగ యొక కొన విప్పి, అది పనిచేయు వోల్టేజియొద్దనే పరీక్షింపవలెను. పరీక్షించుటకంటె మార్చుట సులభము. మైనపుకాగితపువానిని అన్నిటిని మార్చి, నేటి పాలియెస్టరు లేక పాలీప్రొపిలీను పొరలవానిని వేయవచ్చును. వీనికి తేమబాధ అల్పము.

అయితే యంత్రములోని కండెన్సరులనన్నిటిని ఒక్కపెట్టున మార్చివేయువారు గలరు. ఆ పద్ధతి మాకు సమ్మతము కాదు. అభ్రకపువి, పింగాణివి అరుదుగా చెడును. ఆసిలోస్కోపులో గీత ఎడమనుండి కుడికి సాగు వేగమును నిర్ణయించు కండెన్సరులను తయారుచేసినవారు కొలిచి జతపరచియుందురు. బాగున్నవానిని పీకి బజారువానిని వేసినచో గీత వచ్చును గాని అది చూపు కాలము అబద్ధమగును. కొలుచు యంత్రమునకు అంతకంటె రోగమేమున్నది? మఱియు ఇరువది మార్చిన పిదప యంత్రము పనిచేయకున్నచో, పాతదోషము మిగిలినదో, మన చేతివలన క్రొత్తది పుట్టినదో తెలియదు. ఒక్కటి మార్చవలెను, కొలువవలెను, పుస్తకమున వ్రాసికొనవలెను, రెండవదానికి పోవలెను.

గాలిని నడుమ నుంచిన కండెన్సరునకు చెడుట యనునది యించుమించు లేదు; పలకలు వంగకున్న చాలును. 1939లో హ్యూలెట్, ప్యాకార్డ్ అను ఇద్దరు మిత్రులు కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో కారుషెడ్డులో వ్యాపారము మొదలుపెట్టినప్పుడు వారి మొదటి సరకు 200ఏ అను ఆసిలేటరు. రెసిస్టరులును కండెన్సరులును కలిపి కంపనవేగమును నిర్ణయించుటయు, చిన్న తీగదీపముతో కంపనపు ఎత్తును నిలుకడగా నుంచుటయు దాని విశేషములు. దాని తరువాతిదైన 200బీ యంత్రములను ఎనిమిదింటిని వాల్ట్ డిస్నీ కంపెనీవారు తమ ఫాంటేసియా చిత్రపు ధ్వని యేర్పాట్లకై కొనిరి. ఆ చిత్రము 1940లో వెలువడెను. మా గదిలో కాలిపోయిన ఆసిలేటరును ఆ మార్గముననే పనిచేయునది. దాని గాలికండెన్సరు పలకలు నేటికిని మెరయుచు, వ్రేలితో త్రిప్పిన మృదువుగా తిరుగుచున్నవి. చెడినది దానికి అన్నము పెట్టు భాగమే.

ట్రాన్సిస్టరుల కాలపు యంత్రములలో రోగము రూపు మార్చెను. టెక్ట్రానిక్స్ వారు 1972లో వెలువరించిన 465 అను ఆసిలోస్కోపు దేశదేశముల వ్యాపించినది. అట్టివానిలో బఠాణీగింజంతేసి టాంటలం కండెన్సరులు అనేకము ఒకే మార్గముమీద వరుసగా కలుపబడి యుండును. వీనిలో తడి లేదు గనుక ఎండవు. కాని పోయినప్పుడు రేకులు కలిసిపోవును. ఒక్కటి పోయిన ఆ మార్గమంతయు సున్న వోల్టులగును. మీటరునకు అన్నియు చెడినట్లే కానవచ్చును. దోషిని పట్టుటకు చక్కని యుపాయము గలదు. యంత్రమున కియ్యక, ఆ మార్గమునకు మాత్రము హద్దు కట్టిన కొలది విద్యుత్తు నిచ్చి, మిల్లీవోల్టులు చూపు మీటరుతో రాగిదారి వెంబడి పోవలెను. దోషియున్న దిక్కునకు వోల్టేజి దిగుచుండును. దోషిని దాటినపిదప దిగుట ఆగును. నీటికాలువ వాలును చూచి గండి యెక్కడనో చెప్పినట్లే.

ఇంకొక తెగ, విద్యుత్తు లోనికి వచ్చుచోటనే అడ్డముగా బిగించు లోహపుపూత కాగితపువి. పసుపుపచ్చని గాజువంటి ముద్దలో పోసిన రిఫా వారివి ప్రసిద్ధములు. కాలక్రమమున ఆ ముద్ద సన్నగా బీటలు వారి తేమ లోనికి పోవును. ప్లగ్గు పెట్టిన కొంతసేపటికి గదినిండ పొగ వచ్చును. యంత్రము మీట వేయకున్నను ప్లగ్గు పెట్టినంతనే వీనిపై 230 వోల్టులు పడు ఏర్పాటు కొన్నిట గలదు. బీట కనబడినచో పరీక్షలు మాని మార్చవలెను. వీనిస్థానమున, విద్యుత్తు లైనుమీద వాడదగినదని ఎక్స్ లేక వై అను తరగతిగుర్తు ముద్రింపబడినవానినే వేయవలెను. అన్యములు వోల్టేజి సరిపోయినను పనికిరావు.

మార్చునప్పటి జాగ్రత్తలు కొన్ని. వోల్టేజి పాతదానికి తక్కువ గాకుండ చూడవలెను. ధన ఋణ కొనలు తారుమారైన ఎలక్ట్రోలిటిక్ పగులును. 105 డిగ్రీలవి దొరుకుచుండగా 85 డిగ్రీలవి కొనరాదు. ధారణశక్తి కొంచెము హెచ్చిన బాధ లేదు గాని, రెక్టిఫైయరు వాల్వు వెంటనే యున్నదానిని రెండింతలు మూడింతలు చేయుట తగదు. నింపునప్పటి వరదకు ఆ వాల్వు తాళలేదు. టంకము విషయమున గూడ నొక ముచ్చట. టెక్ట్రానిక్స్ వారి పాత వాల్వుల ఆసిలోస్కోపులలో తీగలను పింగాణి పట్టీల గాడులలో వెండి కలిసిన టంకముతో అతికిరి. మామూలు టంకము పలుమారులు వాడిన పింగాణికిని లోహమునకును గల అతుకు ఊడిపోవును. అందువలన వారు ఆ వెండిటంకపు చిన్న చుట్ట నొకదానిని పెట్టెలోపలనే తగిలించి పంపుచుండిరి. వాని పుస్తకములలో వలయపటములును, ఏచోట ఎన్ని వోల్టులుండవలెనో ఆ సంఖ్యలును ముద్రించిరి. ఎన్నడో ఎవడో దీనిని బాగుచేయునని తలచి చేసిన యంత్రములవి. ఇప్పుడు మన యిండ్లకు వచ్చు వస్తువులలో కొన్నిటికి మరమేకులైనను కానరావు.

మా ఆసిలోస్కోపు లేచుటకు ఏడు శనివారములు పట్టెను. మొదట గీత వచ్చినప్పుడు అది తిన్నగాలేక పాకుచుండెను. కావలికండెన్సరు నొకదానిని మార్చగా నిలిచెను. శ్రుతిదండమును మ్రోగించి మైకుయొద్ద నుంచగా, పుస్తకములో గీసినంత నున్నని తరంగము తెరమీద నిలిచెను. పిల్లడొకడు తన గొంతును చూపుమనెను. అది ముండ్లకంపవలె నుండెను. అందరును నవ్విరి, వాడు మాత్రము చాలసేపు చూచుచు నిలువబడెను. స్టాకు రిజిస్టరులో ఆ యంత్రముపేర వ్రాసిన అమ్మకపు వరుస కొట్టివేయబడినది.

ఆసిలేటరు పేర వ్రాసిన వరుస ఇంకను కొట్టివేయబడలేదు. కాలిన ట్రాన్సుఫార్మరును బజారులో మోటారు వైండింగు చేయు మేస్త్రియొద్దకు కొనిపోయితిమి. ఆయన దానిని త్రిప్పి చూచి, "చుట్లెన్నో, తీగ గేజెంతో చెప్పండి మాస్టారూ, చుట్టిస్తాను" అనెను. తయారుచేసినవారు ఆ లెక్క ఎక్కడను వ్రాయలేదు. కాబట్టి మేమును, నలుగురు విద్యార్థులును కూర్చుండి విప్పుచున్నాము. వాల్వుల వత్తులకు 6.3 వోల్టులిచ్చు లావుతీగ పైపొరలో నుండెను. అది 25 చుట్లు. అనగా వోల్టునకు ఇంచుమించు నాలుగు చుట్లు. ఆ లెక్కచొప్పున 230 వోల్టుల ప్రైమరీకి 920 చుట్లుండవలెను. పని భారమున దిగు వోల్టేజికై సెకండరీలో కొంచెము హెచ్చు వేయుట వాడుక గనుక నిజమైన సంఖ్య దీనికి కొంత తక్కువ యుండవచ్చును. నడిమి పొరలు కాలి యొకటిగా అంటుకొనిపోయినవి, లెక్కకు రావు. వానిని వలయములో కావలసిన వోల్టులనుబట్టి కట్టవలసినదే. ప్రైమరీ అన్నిటికంటె లోపల నున్నది, అక్కడిదాక కమురు చేరలేదు. నిన్నటివరకు 412 చుట్లు లెక్కించితిమి.